మెడకు తగిలిన కుదుపు

రెండేండ్ల క్రిందట నేను తెనాలినుండి గుంటూరునకు బస్సులో పోవుచుంటిని. త్రోవలో రైలు గేటు వేసియుండుటచే బస్సు నిలిచెను. నేను వెనుకనుండి రెండవ వరుసలో కూర్చుండి, ప్రక్కనున్న యొక రైతు యువకునితో వడ్ల ధరలనుగూర్చి మాటాడుచుంటిని. అంతలో వెనుక వచ్చుచున్న లారీ యొకటి సకాలమున నిలువలేక మా బస్సును తాకెను. పెద్ద ప్రమాద మేమియు కాదు. వెనుకటి యద్దము పగిలెను; ఎవరికిని నెత్తురు కారలేదు. నా వీపు నెవరో రెండు చేతులతో ముందునకు త్రోసినట్లయ్యెను. తల మాత్రము వెనుకకు వ్రాలి మరల ముందునకు వచ్చెను. అంతే. దిగి, టీ త్రాగి, గండము గడచినదని నవ్వుకొని యింటికి వచ్చితిని.

మఱునాటి ప్రాతఃకాలమున సంధ్య వార్చుచు దిక్కులకు నమస్కరింపబోగా మెడ తిరుగలేదు. మెడతోపాటు దేహము నంతయు త్రిప్పుకొనవలసి వచ్చెను. మధ్యాహ్నమునకు తల వెనుక భాగమున నొప్పియు, భుజములయందు బరువును తోచెను. సాయంకాలమునకు మా యరుగుమీదికి నలుగురు చేరిరి. ఒకరు, మెడ త్రిప్పి పటుక్కుమనిపించువా డొకడు పొరుగూరిలో నున్నాడు, పిలిపింతు మనిరి. మఱియొకరు, మెడకు పట్టీ కట్టుకొని మూడు మాసములు కదలక పడుకొనవలె ననిరి. మూడవవారు, ఇది వట్టి బెణుకు, నువ్వులనూనె రాచిన పోవు ననిరి.

ఈ మూడు సలహాలలో మొదటిది ప్రాణాపాయకరము. రెండవది చిన్న బాధను పెద్దబాధగా చేయునది. మూడవది కొంత నయము. కాని యదియైనను ఒక ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మటనే తగును. ఇది కదలింపరాని మెడయా, కదలింపవలసిన మెడయా? అను నదియే యా ప్రశ్న. పల్లెలలో ఎవరు పడినను దెబ్బతిన్నను మొదట పిలువబడువారు పెద్దలే గనుక, ఈ ప్రశ్నను మీ యెదుట నుంచుటకై నేడు మాటాడుచున్నాను.

అమరసింహుడు మెడకు గ్రీవ యనియు, కంధర యనియు, శిరోధి యనియు పేర్లు చెప్పినాడు. శిరస్సును ధరించునది శిరోధి. బడిలో పిల్లలచే ఈ పేర్లు వల్లె వేయించినంత కాలము వాని యర్థము నాకు మాటగానే తెలియును. బరువుగా తెలిసినది ఆ మఱునాడే. మనుష్యుని తల నాలుగున్నర మొదలు అయిదు కిలోల బరువుండును. దానిని ఏడు చిన్న పూసలు, వానిని బిగించు కట్లు, చుట్టునున్న కండరములు మోయుచున్నవి. ఆ పూసల నడుమనుండి వెన్నుపాము క్రిందికి దిగును. ప్రక్కలనున్న రంధ్రములగుండ మెదడునకు నెత్తురు గొనిపోవు రెండు నాళములు పైకి పోవును. సుశ్రుతుడు తలయు మెడయు కలియు చోట కృకాటికలను రెండు మర్మములను చెప్పి, అచ్చట దెబ్బతగిలినచో తల వణకునని హెచ్చరించినాడు. నేటి వైద్యులు ఆ లక్షణము నట్లే చెప్పరుగాని, అది జాగ్రత్తపడవలసిన తావనుట మాత్రము నిక్కము.

వెనుకనుండి దెబ్బ తగిలినప్పుడు జరుగునది యిది. బండి ముందునకు దూకును. బండితో ఆసనము, ఆసనముతో వీపు ముందునకు పోవును. తలకు ఆనిక లేదు గనుక అది యున్నచోటనే యుండ జూచును. చెర్నాకోల కఱ్ఱను విసరినపుడు త్రాడుకొస ఆలస్యముగా కదలి, తరువాత ఒక్కపెట్టున విదిలింపబడును గదా! తలయు నట్టిదే. 1928వ సంవత్సరమున అమెరికాదేశమున సాన్‌ఫ్రాన్సిస్కో నగరములో హెరాల్డ్ క్రో అను నెముకల వైద్యుడు ప్రసంగించుచు దీనిని విప్‌లాష్, అనగా కొరడా విదిలింపు, అని పేర్కొనెను. తాను కదలిక యొక్క తీరును వర్ణించితినేకాని రోగమునకు నామకరణము చేయలేదనియు, వైద్యులు, రోగులు, న్యాయవాదులు దానినే రోగముపేరుగా చేసికొనిరనియు అతడే తరువాతి కాలమున విచారించినాడు. ఒక్కొక్కప్పుడు పేరే రోగమును పెంచునను సంగతి ముందు చెప్పెదను.

తల కేవలము వెనుకకు వంగుటచేతనే బాధ కలుగునని చాలకాల మనుకొనిరి. 1997లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున మనోహర్ పంజాబీయు ఆయన సహచరులును పరిశోధించి, మొదటి క్షణభాగమున మెడ పామువలె మెలికపడునని చూపిరి. క్రింది పూసలు వెనుకకు వంగుచుండగా పైపూసలు ముందునకు వంగును. అప్పుడు పూసల వెనుకనున్న చిన్నకీళ్లు ఒకదాని నొకటి నొక్కుకొనును. ఇదంతయు సెకనులో పదియవ వంతు కాలములో జరిగిపోవును. మెడ బిగబట్టుకొందమన్నను కండరమునకు వ్యవధి చాలదు. కండరములును కట్లును అప్పుడే సాగినను, వాపు కొన్ని గంటల తరువాతగాని రాదు. కనుకనే ఆ పూట నవ్వుచు ఇంటికి వచ్చినవాడు మఱునాడు మూలుగును. ఆనాడు లేని నొప్పి ఈనాడెట్లు వచ్చినదని వానిని శంకింపరాదు.

ఇక ప్రశ్నకు వత్తము. కదలింపరాని మెడను గుర్తించు టెట్లు?

పడినవాడు స్పృహలో లేకున్నను, మాట తడబడుచున్నను, త్రాగియున్నను, వాని మెడ విరిగినదనియే యెంచి నడువవలెను. స్పృహలో నున్నవానిని, "కాలుసేతులు తిమ్మిరెక్కినవా? చీమలు ప్రాకినట్లున్నదా? పిడికిలి బిగింపగలవా? పాదములు కదలింపగలవా?" అని యడుగవలెను. మెడ నడుమ పూసలమీదనే పట్టరాని నొప్పి యున్నను, వేఱొక పెద్ద గాయముండి దాని బాధలో మెడసంగతి తెలియకున్నను, అనుమానింపవలెను. పడినతీరు కూడ చూడవలెను. తాటిచెట్టుమీదినుండి పడినవాడు, బోల్తాపడిన ట్రాక్టరుక్రిందనుండి వచ్చినవాడు, నీరు తక్కువగా నున్న కాలువలోనికి తలక్రిందుగా దూకినవాడు, మోటారుసైకిలుమీదినుండి ఎగిరిపడినవాడు, వీరు నడచుచు వచ్చినను వీరి మెడను నమ్మరాదు.

ఇట్టివానిని మనవారు చేయునదేమి? ఒకరు చంకలు, ఒకరు కాళ్లు పట్టి యెత్తి, ఆటోలో కుదించి కూర్చుండబెట్టి, తల యటునిటు వ్రేలాడుచుండగా, దారిలో తల పైకెత్తి నీరు పోయుదురు. ఇదంతయు దయచేతనే చేయుదురు. విరిగిన పూస యింకను వెన్నుపామును నొక్కకయుండి, మనమెత్తిన యెత్తుటచే నొక్కినచో, ఆ మనుష్యుడు జీవితాంతము కాలుసేతులు కదలక పడియుండును. కావున మంటగాని, నీటిమునకగాని, మీదికి వచ్చు బండ్లుగాని లేనపుడు వానిని పడినచోటనే యుంచి, ఒకరు తలదగ్గర మోకరించి రెండు చేతులతో తలను ఉన్నరీతినే నిలిపిపట్టి, మఱియొకరు 108కి కబురుచేయవలెను. కదల్పక తప్పనిచో తల, మెడ, మొండెము ఒక్క దూలమువలె తిరుగునట్లు నలుగురైదుగురు ఒక్కమాటమీద కదల్పవలెను. ఊపిరి ఆడనిచో మాత్రము మొదట చూడవలసినది ఊపిరియే. మెడ దాని తరువాత. శిరస్త్రాణమును ఒక్కరు లాగి తీయరాదు. ఊపిరికి అడ్డమైనగాని అసలే ముట్టవద్దు.

మన యీడువారికి వేఱుగ ఒక మాట. ఎముక గుల్లబారిన ముసలితనమున మెడ విరుగుటకు చెట్టునుండి పడనక్కఱలేదు. గుమ్మముకడ కాలుజారి బోర్లపడి నుదురు నేలకు తగిలినను మెడలోని రెండవ పూస విరుగవచ్చును. ఎముక విరుగకయే, అరిగిన పూసల నడుమ నిఱుకైన త్రోవలో వెన్నుపాము నలగుటయు కలదు. అప్పుడు కాళ్లకన్న చేతులు హెచ్చుగా బలము కోల్పోవును. ఇట్లు పడినవాడు లేచి నడచివచ్చి, "అన్నము కలుపుటకు వ్రేళ్లు వచ్చుటలేదు" అనును. దానిని పక్షవాతమనియో నీరసమనియో యెంచి కాలము గడుపరాదు. ఆ పూటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

మా యూరి సలహాలను ప్రక్కకు బెట్టి నేను ఆసుపత్రికి పోయితిని. నాతో బస్సులో కూర్చున్న ఆ యువకుడును మెడ పట్టుకొని అచ్చటికే వచ్చియుండెను. చిన్నవయసు డాక్టరమ్మ మా యిద్దఱి నొకేతీరు ప్రశ్నించెను. దెబ్బ వెనుకనుండియేనా? బండి పల్టీ కొట్టినదా? తరువాత నడచితిరా? నొప్పి వెంటనే వచ్చినదా, ఆలస్యముగనా? చేతులలో తిమ్మిరి యున్నదా? పిమ్మట మెడ నడుమ పూసలను వ్రేలితో ఒక్కొక్కటిగా నొక్కి చూచెను. ఆ యువకునితో మెడ నీయంతట నీవు కుడికిని ఎడమకును త్రిప్పుమనెను. వాడు మూల్గుచునే చెరి నలువదియైదు డిగ్రీలు త్రిప్పగలిగెను. "నీకు ఫోటో అక్కఱలేదు" అనెను. వాడు, ఇంతదూరము వచ్చితిని, ఒక ఎక్సురేయైనను తీయరా యని నొచ్చుకొనెను. నన్ను మాత్రము మెడ త్రిప్పనీయక సీ.టీ. స్కానునకు పంపెను.

నాకు కొంత చిన్నతనమయ్యెను. వానికన్న నాకు నొప్పి తక్కువ. "నాకేల నమ్మా?" అని యడిగితిని. "మాస్టరుగారూ, మీకు అరువదియైదు దాటినవి; ఆ యొక్క కారణము చాలును" అనెను. వయసే రోగచిహ్నమైనందుకు కినుక వచ్చెను గాని, తరువాత విచారింపగా ఆమె మాటకు ఆధారమున్నట్లు తెలిసినది. కెనడాదేశపు వైద్యులు సుమారు 8,900 మంది రోగులను పరీక్షించి 2001లో ఒక నియమమును ప్రచురించిరి. స్పృహ చక్కగా నున్నవారిలో అరువదియైదేండ్లు నిండినవారికిని, అపాయకరముగా పడినవారికిని, కాలుసేతులలో తిమ్మిరి యున్నవారికిని ఫోటో తప్పదు. ఈ మూడును లేక, వెనుకనుండి సామాన్యమైన తాకుడు తగిలి, లేదా కూర్చుండి నడువగలిగి, లేదా నొప్పి ఆలస్యముగా వచ్చి, లేదా నడుమ పూసలయందు నొప్పి లేక, మెడను ఇరుప్రక్కల నలువదియైదు డిగ్రీలు త్రిప్పగలవారికి అది అక్కఱలేదు. పరీక్షలు హెచ్చుగా వ్రాసినవారే మంచి వైద్యులను భ్రమ మనలో చాలమందికి కలదు, నాకును ఉండెను.

నా ఫోటోలో వయసునకు తగిన అరుగుదల తప్ప వేఱేమియు కానరాలేదు. ఇచ్చట ఒక చిక్కు. విరిగిన యెముక ఫోటోలో కనబడునుగాని సాగిన కండరమును, నలిగిన కీలును సాధారణముగా కనబడవు. ఫోటో శుభ్రముగా నున్నదని నొప్పి అబద్ధము కాదు; అరుగుదల కనబడినదని అదియే నొప్పికి మూలమును కాదు. ఈ వ్యాధిని పట్టుకొనునది ప్రశ్నయు, చేతివ్రేలును. 1995లో కెనడాలోని క్విబెక్ పండితవర్గము దీనిని తరగతులుగా విభజించెను. నొప్పియు బిగువును మాత్రమున్నది మొదటిది. వానితో మెడ తిరుగుట తగ్గి, ముట్టిన నొప్పియున్నది రెండవది, నాది యిదియే. చేతి బలముగాని స్పర్శగాని తగ్గినది మూడవది. ఎముక విరిగినది, తొలగినది నాలుగవది. మొదటి రెండింటికిని ఇంటివద్దనే చికిత్స, మూడవదానికి వైద్యుని కనుసన్న తప్పదు, నాలుగవదానికి పెద్దాసుపత్రి.

డాక్టరమ్మ చెప్పిన చికిత్స విని నేను నిరాశపడితిని. పట్టీ లేదు, పడక లేదు, సూది లేదు. నొప్పికి పారాసిటమాలు, మొదటి రెండు మూడు దినములు చల్లనికాపు, తరువాత వేడికాపు, తలక్రింద ఎత్తుగాని ఒక్క దిండు. మేలుకొనియున్నంత సేపు గంటకొకమాఱు నిటారుగా కూర్చుండి, మెడను మెల్లగా కుడికిని ఎడమకును నొప్పి తోచువఱకు మాత్రము పదేసిసారులు త్రిప్పవలెను. చెవిని భుజమువైపునకును, గడ్డమును రొమ్మువైపునకును వంచవలెను. "కొంచెము నొప్పి యుండును, భయపడకుడు; చేయి తిమ్మిరెక్కినచో మాత్రము ఆపి నాయొద్దకు రండు" అనెను. నొప్పికి వాడు ఘాటైన మాత్రలను వాపు తగ్గునని అంగడిలో తెచ్చుకొని మ్రింగవద్దనియు, మన వయసున అవి కడుపునకును మూత్రపిండములకును చెఱుపనియు హెచ్చరించెను.

ఇక నా తప్పు చెప్పవలెను. ఇంటికి రాగానే మా బావమఱది మందులషాపునుండి మెడపట్టీ తెచ్చెను. డాక్టరు వలదన్నదని చెప్పక, దానిని కట్టుకొంటిని. ఎంత హాయి! తల బరువు తగ్గెను. అంతేకాదు, పట్టీ కట్టుకొని వీధిలోనికి పోగా ప్రతివారును నిలిచి, "పంతులుగారూ, ఎట్లున్నది?" అని కుశలమడుగుచుండిరి. పదవీవిరమణ తరువాత నన్నింతమంది పలుకరించుట అదియే మొదలు. ఇరువది దినములు దానిని తీయలేదు. తీసిన దినమున మెడ కొయ్యవలె బిగిసియుండెను. పని లేని కండరము సన్నగిల్లును, కదలని కీలు పట్టుకొనును. మూడుమాసములు కట్టు విప్పిన చేయి యెట్లుండునో మీరెఱుగుదురు. ఎముక విరుగని యిట్టి మెడకు పట్టీవలన లాభము లేదనియు, కదలించువారే త్వరగా కోలుకొందురనియు 1990 తరువాత జరిగిన పరీక్షలు తేల్చుచున్నవి. విరిగిన మెడకు కట్టు గట్టి పట్టీ వేఱు. అది వైద్యుడే కట్టవలెను, వైద్యుడే విప్పవలెను. మరల ఆసుపత్రికి పోయి చీవాట్లు తిని, వ్యాయామమును మొదటినుండి ఆరంభించితిని. రెండు మాసములకు మెడ తిరిగెను. ఆ యువకుడు మూడు వారములకే పొలముపనికి పోయెను.

త్రిప్పి పటుక్కుమనిపించుటను గూర్చి కూడ చెప్పి ముగించవలెను. క్షౌరశాలలో ముచ్చటకై చేయించుకొను మెలికయు, కట్టువైద్యుడు బలముగా త్రిప్పుటయు ఒక్కటే. మెదడునకు నెత్తురు పోవు నాళము పూసల రంధ్రములగుండ పోవునని చెప్పితిని. హఠాత్తుగా మెలిపెట్టినచో ఆ నాళపు లోపొర చినుగవచ్చును. అచ్చట గడ్డకట్టిన నెత్తురు మెదడునకు పోయి పక్షవాతము తెచ్చును. ఇది తఱచుగా జరుగదు. కాని జరిగినప్పుడు మనుష్యుడు దక్కడు, లేదా దక్కియు లేనట్లే. మెడకు దెబ్బతగిలినవానికి తల తిరుగుట, చూపు రెండుగా కనబడుట, మాట ముద్దగా వచ్చుట, నడక తూలుట ఇవి కనిపించినచో ఒక్క నిమిషమును జాగు చేయరాదు. నూనె రాయుటవలన హానిలేదు; మెత్తగా, త్రిప్పక, లాగక రాయవలెను.

అందఱును నా యువకునివలె కోలుకొందురని చెప్పలేను. హెచ్చుమందికి కొన్ని వారములలో, మూడు మాసములలోపల చాలవఱకు తగ్గును. 2008లో ప్రకటింపబడిన విచారణప్రకారము సుమారు సగముమంది ఏడాది పిమ్మటను కొంతనొప్పి యున్నదని చెప్పిరి. వారిలో మొదటి దినములలోనే తీవ్రమైన నొప్పి గలవారును, ఇక కోలుకొనమని నిశ్చయించుకొన్నవారును హెచ్చు. 1996లో ఒక విచిత్రమైన పరిశీలన వెలువడెను. లిథువేనియా యను దేశమున అప్పటికి ఇట్టి గాయములకు భీమా సొమ్ము అడుగు వాడుకయు లేదు, దీనివలన మెడ చిరకాలము చెడునను భయమును లేదు. అచ్చట వెనుకనుండి తాకుడు తిన్న 202 మంది చోదకులను కొన్ని యేండ్ల పిమ్మట విచారింపగా, తాకుడు తిననివారికన్న వారికి దీర్ఘకాలపు నొప్పి హెచ్చుగా లేదు. దీనినిబట్టి నొప్పి యంతయు కల్పనయనుట మూర్ఖత. 1990ల నడుమ ఆస్ట్రేలియా వైద్యులు కొందఱిలో ఆ చిన్నకీళ్లే నొప్పికి నిజమైన మూలమని తేల్చి, వానికి పోవు నరములను వేడిచే మూయు చికిత్సయు చేసిచూపినారు. కాని మంచముప్రక్కన కూర్చుండి, "మా మేనమామ కిట్లే అయి జన్మమంతయు మెడ యెత్తలేదు" అని చెప్పు పెద్దమనిషి ఆ రోగికి మేలు చేయుటలేదు. ఆ మాట నాతోను ఇద్దఱు చెప్పిరి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మీ పిల్లలు పట్టణమునుండి కారులలో వత్తురు. కారు ఆసనమునకు పైన నుండు దిండు అలంకారమునకు గాదు, కునికిపాటునకును గాదు; తల వెనుకకు పోకుండ ఆపుటకు. అమెరికాలో 1969 మొదలు క్రొత్త కారుల ముందు ఆసనములకు దానిని చట్టముచే తప్పనిసరి చేసిరి. దాని పైయంచు చెవుల పైభాగమునకు తగ్గకుండ, వీలైన నడినెత్తి యెత్తున నుండవలెను. తలకును దానికిని నడుమ ఎడము ఎంత తక్కువయైన అంత మంచిది. మా అల్లునికారులో అది అడుగంటి, మెడ నడుమకు తగులుచుండెను. అట్లున్నచో తల దానిమీదుగా వెనుకకు మడతపడును. ప్రక్కనున్న మీట నొక్కి నాలుగు మెట్లు పైకి లాగితిని. వెనుక ఆసనములలో, చూచుట కడ్డమని వానిని ఊడబెరికి డిక్కీలో పడవైచియుండిరి. తీయించి మరల పెట్టించితిని. బస్సులలో ఆ వసతి యన్నిచోట్లను లేదు. నే నిప్పుడు బస్సెక్కినపుడు వీపు ఎత్తుగానున్న ఆసనమును వెదకి, దానిని ఆనుకొని కూర్చుండుచున్నాను.